ఇస్త్రీ పొలం కాడికి పోయినంక

బండి కొనే ముందు నా దగ్గరికి ఒక్కరూ రారు. కొన్నాక, మోసపోయాక, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాక వస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక, జిరాక్స్ షాపు మీది గదికి ‘మంజుల డిటెక్టివ్ ఏజెన్సీ’ అని బోర్డు తగిలించిన నాటి నుంచీ చూస్తున్నాను. పెళ్లి సంబంధాల ఎంక్వైరీకి వచ్చినవాళ్లకు కూడా ఊరికే చెప్తుంటాను, ఫోనులో బొమ్మ చూసి పాత సామాను కొనకండిరా నాయనా అని. వింటారా? తల ఊపుతారు. పోయి కొంటారు.

ఆ రోజు పొద్దున నర్మద వాళ్ల వాకిట్లో నిలబడి అదే మాట మళ్లీ చెప్పబోయి నోరు మూసుకున్నాను. చెప్పి ఏం లాభం? నీలం రంగు స్కూటర్ ఎదురుగానే ఉంది, ముందు చక్రానికి గొలుసు తాళంతో.

నర్మదకు ఇరవై మూడేళ్లు. సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి ఎంపికైంది. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే. డ్యూటీకి పోయి రావడానికి ఉంటుందని ముందే తొందరపడి ఆన్‌లైన్‌లో ఈ పాత బండి కొంది. అది దొంగిలించిన బండి. అసలు యజమాని మీర్‌పేట్‌లో ఉండే సీతాబాయి అనే టీచరు. ఆమె పెట్టుకున్న డిటెక్టివ్ భూపాల్ నిన్న సాయంత్రం బండిని ఇక్కడ పట్టుకుని, తాళం వేసి, ఈ సాయంత్రం లోపల నర్మద పేరు మీద స్టేషన్‌లో ఫిర్యాదు పడుతుందని చెప్పి పోయాడు. ఫిర్యాదు పడితే కేసు, కేసైతే వెరిఫికేషన్‌లో తేలుతుంది, తేలితే ఉద్యోగం గోవిందా.

"ఆర్సీ చూసినవా?" అన్నాను.

"చూసిన మేడం. ఫోన్ల ఫోటో పెట్టిండు."

"ఫోటోల పేరు ఎవలది?"

"సరిగ్గ కనవడలె. వాళ్ల అక్క పేరు మీదుందన్నడు."

"బండి నంబరు ఫోన్ల కొడితే ఓనరు పేరు సగమన్న కనవడ్తది. కొట్టినవా?"

తల అడ్డంగా ఊపింది.

"చాసిస్ నంబరు?"

"గదెక్కడుంటది మేడం?"

నేను కళ్లు మూసుకుని తెరిచాను. "మరి ఏం చూసి కొన్నవ్ తల్లీ?"

"హారన్ కొట్టి చూసిన. సీటు కవరు చూసిన. హెల్మెట్ గూడ ఇయ్యమని మస్తు బేరం చేసిన. ఇయ్యలె."

ఇదీ సంగతి. అంగట్లో వంకాయలు కొంటే ఒక్కోటి తిప్పి తిప్పి పుచ్చు చూస్తారు. ఏళ్ల తరబడి నడవాల్సిన బండి కొంటే మాత్రం హారన్ మోగిందా లేదా, అంతే. తిట్టాలని నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి మింగేశాను. రాత్రంతా నిద్ర లేదు, చేతిలో కర్చీఫ్ ముద్దయిపోయింది.

"అమ్మిన మనిషి ఎట్లుంటడు?"

జవాబు వాళ్ల అమ్మ యశోదమ్మ చెప్పింది. "మొకమే చూడలేదమ్మా. హెల్మెట్ తీయలె. ఎండకు చెమటలు కారుతున్నయ్, అయినా తీయలె. మంచినీళ్లిస్తే అద్దం జర పైకి లేపి తాగిండు. గొంతు పట్టేసిందని సైగలే చేసిండు. పైసలు లెక్కవెట్టుకొని గల్లీ చివర వేరే బండెక్కి పోయిండు."

"నీ మొగడు లేడా అప్పుడు?"

"గప్పుడే పొలానికి పోయిండు. ఆయన గల్లీ దాటిండో లేదో వీడొచ్చిండు."

నాకు నోటు రాసుకునే ఓపిక లేదు. ఫోనులో మైకు నొక్కి మాట్లాడితే అదే టైపు చేసుకుంటుంది. మైకు నొక్కి, "నీ మొగని పేరు చెప్పు" అని ఆమె ముందు పెట్టాను.

యశోదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనెట్ల చెప్త? గాయన పేరు నా నోటితోని?"

"అయ్యో రామా! కేసమ్మా ఇది, పేరంటం కాదు."

"నర్మదను అడుగుండ్రి."

నర్మద ఏదో చెప్పబోయేంతలో వాకిట్లో కారు ఆగింది. నేను విసుగొచ్చి ‘నర్మద బాపు’ అని చెప్పేసి మైకు ఆపేశాను. తర్వాత ఆ తొందరకు నన్ను నేనే తిట్టుకున్నాను.

కారులోంచి భూపాల్ దిగాడు. నల్లద్దాలు, మెడలో ఏదో కార్డు. మీర్‌పేట్‌లో ఆఫీసు, ఫోనులో ‘సైబర్ భూపాల్’ అని చానెలు. నా మూడు కేసుల్లో అడ్డం తగిలిన మహానుభావుడు. కారు వెనక సీట్లో ఒక బక్కమనిషి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఎవరా అని చూస్తే, మా బస్టాండు దగ్గర బట్టలు ఇస్త్రీ చేసే రాంచంద్ర!

"ఈయన్నెందుకు తెచ్చినవ్?"

"ఈయన కాడనే ఉంది అసలు కథంత," అన్నాడు భూపాల్. నర్మద ఫోను తీసుకుని, బండి అమ్మినవాడితో ఆమె ఆ అమ్మకాల యాప్‌లో, ఫోను నంబరు కనపడకుండా చేసిన చాటింగు నా మొహం ముందు పెట్టాడు. "చూడు. ఈ అమ్మాయి లొకేషన్ పంపింది. రెండు నిమిషాలకు ఏమొచ్చిందో నువ్వే చదువు."

చదివాను. "ఇస్త్రీ పొలం కాడికి పోయినంక బండి తీస్కపో."

మళ్లీ చదివాను. ముక్క అర్థం కాలేదు. ఇస్త్రీ పొలానికి పోవడమేంటి?

"నాకు గూడ సమజ్ కాలె మేడం," అంది నర్మద. "వేరేటోళ్లకు పంపబోయి నాకు పంపిండనుకున్న. ఏందని అడిగితే జవాబియ్యలె."

"నీకు సమజ్ కాకపోవుడేంది? మస్తు యాక్టింగు," అన్నాడు భూపాల్. "ఇస్త్రీ అంటే కోడు మంజులక్కా. దొంగ బండిని సాపు చేసుడు. సొట్టలు తీసుడు, రంగేసుడు, నంబర్లు అరగదీసుడు. పొలం అంటే దాచే జాగ. ఈ అమ్మాయి కొన్నది కాదు, గ్యాంగుల మనిషి. ఆ రాంచంద్ర దుకాణం అడ్డా."

కారులోంచి రాంచంద్ర ఏడుపు గొంతుతో అరిచాడు. "నాకు పొలమే లేదు సారూ! పెండ్లోళ్ల చీరెలు టేబులు మీదనే ఉన్నయ్, నన్ను వదులుండ్రి!"

"ముందు నీ తలకాయను ఇస్త్రీ చెయ్యాలె భూపాల్," అన్నాను. నిజంగా కోపమొచ్చింది. "హెల్మెట్ ఎందుకు తీయలేదు వాడు?"

"సీసీ కెమెరాలకు భయపడి."

"ఈ గల్లీల కెమెరా ఏడుంది? చూపెట్టు. వాడు మొకం దాచింది, గొంతు దాచింది ఈ తల్లీబిడ్డల దగ్గర. తెల్వనోళ్ల దగ్గర ఎవడు దాస్తడు? తెలిసినోళ్ల దగ్గరనే దాస్తరు."

భూపాల్ నవ్వాడు. అతని నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "సాక్ష్యం కావాలె అక్కా. కథలు కాదు. నేను మంచోణ్ని కాబట్టి ఒక దారి చెప్తున్న. దొంగ బండని తెలిసే కొన్న, వాపసిస్తున్న అని ఈ అమ్మాయి ఒక సంతకం పెట్టాలె. మా క్లయింటు కేసు పెట్టదు. కాగితం మా ఫైల్లనే ఉంటది."

"తెలిసే కొన్న అని రాసిస్తదా? గది కేసు కన్న గోరం! రేపు ఆ కాగితం బయటికొస్తే ఈ పిల్ల నౌకరి ఏమైతది? నర్మదా, విన్నవా? ఏ కాగితం మీద సంతకం పెట్టకు. పెట్టినవంటే నీ వేలు విరుస్త."

"లొల్లెందుకమ్మా," అని వరండాలోంచి ఒక పెద్దమనిషి గొంతు వచ్చింది. పొద్దుట్నుంచీ అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మల్లేశయ్య. నర్మద బాపుకు చిన్ననాటి దోస్తు, నర్మద పెద్దబాపు అని పిలుస్తుంది. నిన్న భూపాల్ వచ్చి పోయినప్పట్నుంచీ ఈ ఇంటికి పెద్దదిక్కు ఆయనే. "కోర్టులు, స్టేషన్లు మనకెందుకు? ఆడివిల్ల. రాజీకొస్తే అందరికీ మంచిది. నేను మాట్లాడ్త." ఫోను గడ్డం కింద పెట్టుకుని, మైకు నొక్కి, ఒక్కో మాట గట్టిగా పలుకుతూ ఎవరికో మెసేజీ పంపుకున్నాడు. నాలాంటి బద్ధకస్తులకూ, రాయడం రాని పెద్దవాళ్లకూ ఆ మైకే దిక్కు.

వాళ్లను వదిలేసి బండి దగ్గరికి పోయాను. చీర కుచ్చిళ్లు దోపుకుని కింద కూర్చుని, టార్చి వేసి చూశాను. చాసిస్ నంబరు ఉండాల్సిన చోట ఆకురాయితో గీకిన గీతలు, పైన కొత్త రంగు. గోరుతో గీకితే పొరగా లేచింది. నంబరు ప్లేటు మరలు కొత్తవి. కొనే ముందు ఎవరైనా వంగి చూస్తే చాలు, రెండు నిమిషాల పని. వంగడానికి మనవాళ్లకు నామోషీ.

తర్వాత నర్మద బండి అమ్మినవాడికి పంపిన లొకేషన్నే నా ఫోనులోకి తెప్పించుకుని, అది ఎటు చూపిస్తే అటు నడిచాను. భూపాల్ నా వెనకే వచ్చాడు, తప్పు పట్టుకుందామని. ఫోను మమ్మల్ని ఇంటి ముందుకు కాదు, చుట్టూ తిప్పి వెనక గల్లీలోకి, ఒక బర్రెల కొట్టం గోడ దగ్గరికి తీసుకుపోయి ‘చేరుకున్నారు’ అంది. గోడ అవతల నర్మద వాళ్ల ఇల్లే, కానీ ఇటు నుంచి దారి లేదు.

"చూసినవా?" అన్నాను. "పొద్దున నేను గూడ ఇక్కడికే వచ్చిన. కొత్తోడెవడైన ఇక్కడికే వస్తడు. మరి హెల్మెటోడు తిన్నగ ముందటి వాకిట్లకు ఎట్ల పోయిండు?"

"అడిగి పోయిండొచ్చు."

కొట్టంలో పేడ ఎత్తుతున్న యాదలక్ష్మి మా మాటలు విని గంప దించింది. ఆమెది ఈ వెనకిల్లు. నేను మైకు నొక్కి ఫోను పట్టుకున్నాను.

"అడిగితే నన్నే అడగాలె గద!" అంది. "డెలివరీ పిల్లలంత ఈడికే వచ్చి నా పానం తీస్తరు. ఇది గాదు బిడ్డా, ముందటి గల్లీ అని రోజు చెప్పలేక సస్తున్న. గా బండి వచ్చిన దినం పొద్దుగాల్నుంచి నేను ఈ కొట్టంలనే ఉన్న. ఇస్తారి ఇల్లేదని ఒక్కడు గూడ అడగలె."

"ఎవలి ఇల్లు?"

"ఇస్తారిది. నర్మద వాళ్ల బాపు. ఆయన పేరు తెల్వదా మీకు?"

నేను ఫోను వైపు చూశాను. యాదలక్ష్మి మాటలన్నీ వరుసగా పడి ఉన్నాయి. ఒక మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ‘ఇస్త్రీ ఇల్లు ఏదని ఒక్కడు కూడా అడగలే.’

"భూపాల్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నీ ఫోను తియ్యి. మైకు నొక్కి ఇస్తారి అను."

"ఎందుకు?"

"అనవయ్యా!"

అన్నాడు. అతని ఫోను ‘ఇస్త్రీ’ అని రాసింది. గట్టిగా అన్నాడు, ‘ఇస్త్రీ’. సాగదీసి అన్నాడు, ‘విస్తరి’. ఇస్తారి అనే పేరు మన ఊళ్లలో ఇంటికొకటి ఉంటుంది. ఆ ఫోను చేసినవాళ్లకేం తెలుసు? దానికి తెలిసిందల్లా ఇస్త్రీ పెట్టె. ఇంట్లో ఒకరు బాపు అంటారు, ఒకరు గాయన అంటారు. పేరు ఎవరి నోటా రాదు. పొద్దున నేను అడిగి కూడా సగంలో వదిలేశాను.

"ఇస్తారి పొలం కాడికి పోయినంక బండి తీస్కపో," అన్నాను మెల్లగా. "మెసేజీ అది. చాటింగు చేసినోడు ఒకడు, బండి తెచ్చినోడు ఇంకొకడు. హెల్మెటోనికి పంపబోయి నర్మదకు పంపిండు. లొకేషన్ చూడంగనే అది ఇస్తారి ఇల్లని గుర్తువట్టిండు. ఇస్తారి ఎప్పుడు పొలానికి పోతడో ఎరుక. ఇస్తారి ఇంట్ల ఉంటే హెల్మెట్ తియ్యమంటడు. తీస్తే దొరికిపోతరు."

భూపాల్ నల్లద్దాలు తీశాడు. తన ఫోనులో మైకు నొక్కి మళ్లీ ‘ఇస్తారి’ అన్నాడు. మళ్లీ ‘ఇస్త్రీ’ అనే పడింది.

గబగబా ముందు వాకిట్లోకి వచ్చేసరికి వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. నర్మద లేదు.

"ఏడికి పోయిండ్రు?"

"మల్లేశన్న తీస్కపోయిండమ్మా," అంది యశోదమ్మ. "సాగర్ రోడ్డు మీద ఈ భూపాల్ సారు వాళ్ల వకీలు దగ్గర మాట్లాడుకొని వస్తమన్నడు. ఉట్టిగ మాట్లాడుడే అన్నడు. మీరు వెనకకు పోంగనే పోయిండ్రు."

"నేను వద్దని చెప్పినగదా! నా మాట ఒక్కటన్న ఈ ఇంట్ల ఎవలన్న వింటరా?" అరిచేశాను. యశోదమ్మ బెదిరిపోయింది. పాపం ఆమెను అని ఏం లాభం?

అప్పుడే పొలం నుంచి వచ్చిన మనిషి నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. పొడుగ్గా, మాటలు తక్కువున్న మనిషిలా కనిపించాడు. ఇస్తారి. ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. మెసేజీ చదివి వినిపించి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

"నిన్ను అన్న అనకుండ, మామ అనకుండ, ఉట్టి పేరుతోని పిలిచేటోళ్లు ఎవలున్నరు?"

"చిన్నోళ్లంత ఇస్తారన్న అంటరు. మా అన్నలు ఇస్తారిగా అంటుండె, వాళ్లు పోయిండ్రు." తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆలోచించాడు. "ఉట్టిగ ఇస్తారీ అని పిలిచేది ఒక్కడే..."

ఆ పేరు ఆయన నోటి నుంచి రాలేదు. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

భూపాల్ నా పక్కన గొంతు సవరించుకున్నాడు. ఫోను తీసి నా చేతికిచ్చాడు. పొద్దున్నే మల్లేశయ్య అతనికి పంపిన మెసేజీ. ‘ఇస్త్రీ ఒప్పుకోడు సారు. బిడ్డతోనే సంతకం పెట్టిస్త.’

"ఇది పొద్దుగాల వచ్చిందా నీకు?"

"అవ్. రాజీ కాగితం సంగతి రాత్రే ఆయనకు చెప్పిన. నేను... ఇస్త్రీ దుకాణపోడు తప్పు ఒప్పుకోడని చెప్తున్నడనుకున్న. అందుకే రాంచంద్రను పట్కొచ్చిన."

దొంగ చేతి రాతను జేబులో పెట్టుకుని, పాపం పెండ్లి చీరెలు ఇస్త్రీ చేసుకునేవాణ్ని ఎత్తుకొచ్చాడు! తల బాదుకోవాలో, అతని తల బాదాలో అర్థం కాలేదు. "మీ వకీలుకు ఫోన్ కొట్టు. సంతకం తీస్కోవద్దని చెప్పు. జల్ది!"

కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "ఎత్తుతలేడు," అన్నాడు. మొదటిసారి అతని మొహంలో భయం కనిపించింది.

నేను నర్మదకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. చాలాసేపు మోగాక ఎత్తారు. నర్మద కాదు.

"మేడం, నేను మల్లేశయ్యను. అమ్మాయి ఈడనే ఉంది. ఫికర్ చెయ్యకుండ్రి."

నేను మాట్లాడేలోపే ఇస్తారి నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"మల్లేశా."

"ఇస్తారీ! పొలం కెల్లి వచ్చినవా? అంత నేను చూస్కుంటున్న, నువ్వు..."

"హెల్మెట్ పెట్టుకొని నా ఇంటికొచ్చినోడు ఎవడురా?"

అవతల రోడ్డు మీద లారీ పోయిన చప్పుడు వినిపించింది.

"నా పేరు చెప్తే నీ ఫోన్ల ఇస్త్రీ అని పడ్తదటరా. నువ్వు పంపినయ్ అన్ని చూసిన."

యశోదమ్మ గడప పట్టుకుని నిలబడిపోయింది. మల్లేశయ్య గొంతు వచ్చింది, చిన్నగా, ఇంకెవరూ వినకూడదన్నట్టు.

"లొకేషన్ వచ్చినంకనే తెలిసింది ఇస్తారీ, నీ ఇల్లని. వద్దన్న. ఎల్లేశ్ వినలె. అప్పటికే వానికి అప్పులోళ్లు..."

"నీ అల్లుడా?"

"నేనేం జెయ్యాలెరా? చెప్పు. నీ బిడ్డకు నౌకరి పోతది, గంతే. సదువుకున్న పిల్ల, ఇంకోటి దొర్కుతది. నా భాగ్యకు మొగడే పోతడు. మూడు నెలల పసిపిల్ల ఒళ్లె ఉంది."

ఇస్తారి మొహం చూడలేకపోయాను. కోపం కాదు అది. నలభై ఏళ్లు ఒక కంచంలో తిన్న మనిషి ఇలా మాట్లాడుతుంటే, వినడానికి కూడా సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాడు. నాకైతే ఆ ఫోనులోకి చెయ్యి పెట్టి వాడి గొంతు పట్టుకోవాలనిపించింది.

ఉన్నట్టుండి ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గల్లీ అంతా వినపడేలా అరిచాడు.

"నర్మదా! బిడ్డా! పెన్ను కింద పెట్టు! సంతకం పెట్టకు!"

అవతల ఏదో గుంజులాట. తర్వాత నర్మద గొంతు. రాత్రంతా ఏడ్చిన గొంతు కాదు, బరువు దిగి తేలికపడ్డ గొంతు.

"పెన్ను ఎప్పుడో కింద పెట్టిన బాపూ. సంతకం అయిపాయె. వకీలు సారు కాగితం పట్టుకొని గిప్పుడే స్టేషనుకు పోయిండు. ఇగ నా మీద కేసు ఉండదట గద బాపూ?"